కారులో గాలి మోత తగ్గాలంటే ముందు టేపు, తర్వాతే రబ్బరు

"ఊళ్ళో తిరిగినంతసేపూ కారు బాగానే ఉంటుంది. హైవే ఎక్కి 80 దాటిందంటే చాలు, ఒకటే హోరు. వెనక సీట్లో వాళ్ళ మాట వినపడదు, పాటల సౌండ్ పెంచాల్సి వస్తోంది. డోర్లకు కొత్త బీడింగ్ (అంచు రబ్బరు) వేయిస్తే పోతుందా?"

ఈ ప్రశ్న నన్ను చాలామంది అడుగుతుంటారు. కొందరు ఏమీ చేయకముందు అడుగుతారు. ఇంకొందరు డోర్లన్నీ విప్పించి లోపల రేకు అదరకుండా ఆపే డ్యాంపింగ్ షీట్లు అతికించుకుని, వేలకు వేలు ఖర్చయ్యాక, మోత మాత్రం అలాగే ఉందని బాధపడుతూ అడుగుతారు. విడివిడిగా అందరికీ చెప్పేదాన్నే ఇక్కడ వరసగా రాస్తున్నాను.

అన్నిటికంటే ముఖ్యమైన మాట ముందే చెబుతాను. గాలి ఎక్కడ మోగుతోందో తెలిసేదాకా ఏదీ కొనకండి. ఆ చోటు కనిపెట్టడానికి వంద రూపాయల లోపు దొరికే మాస్కింగ్ టేపు చుట్ట ఒకటి చాలు.

రెండు రకాల మోత

మొదటిది హోరు. ఎదురుగా వచ్చే గాలి సైడ్ మిర్రర్లకు, విండ్‌షీల్డ్ పక్క స్తంభాలకు, వైపర్లకు, పైన బిగించిన క్యారియర్‌కు తగిలి సుడులు తిరిగితే వచ్చే శబ్దం ఇది. కారు ఆకారంతోనే పుడుతుంది కాబట్టి కొంతవరకే తగ్గించగలం.

రెండోది ఈల, లేదా "సుయ్‌"మనే బుస. డోర్ రబ్బరు సరిగ్గా నొక్కుకోని చోట, అద్దం అంచు లేచిన చోట గాలి సందులోంచి దూరితే వచ్చేది. దీన్ని చాలావరకు పూర్తిగా పోగొట్టవచ్చు. ఈ వ్యాసంలో ఎక్కువ భాగం దీని గురించే.

వేగంతో గాలి మోత చాలా నిటారుగా పెరుగుతుంది. 80 నుంచి 100కి వెళ్తే సుమారు 5 డెసిబెల్స్ (శబ్దాన్ని కొలిచే ప్రమాణం) దాకా పెరగవచ్చు. ఎదురుగాలి ఉన్న రోజు ఇంకా ఎక్కువ. మీరు 90లో వెళ్తుంటే, ఎదురుగా 20 కిలోమీటర్ల వేగంతో గాలి వీస్తుంటే, మీ కారుకు అది 110తో సమానం. "నిన్న లేని మోత ఇవాళ వచ్చింది" అని కంగారు పడేముందు చెట్ల కొమ్మలు ఎటు ఊగుతున్నాయో ఒకసారి చూడండి.

అసలు అది గాలేనా?

నా దగ్గరికి గాలి మోత అని వచ్చిన కార్లలో చాలావాటిలో అసలు దోషి టైర్లే. ఈ నాలుగూ చూస్తే తేలిపోతుంది.

రోడ్డు మారినప్పుడు శబ్దం మారుతోందా? తారు రోడ్డు మీద నుంచి సిమెంటు రోడ్డు మీదకు వెళ్ళగానే గొంతు మారితే అది టైరు మోత. కింద ఏ రోడ్డు ఉన్నా గాలి మోత మారదు.

అదే వేగంలో 5వ గేరు నుంచి 4కి మార్చి చూడండి. శబ్దం మారితే అది ఇంజిన్‌ది. ఈ పరీక్ష కోసం హైవే మీద ఇంజిన్ ఆపడం, బండిని న్యూట్రల్‌లో వదలడం మాత్రం వద్దు. ఇంజిన్ ఆగితే బ్రేకుకు, స్టీరింగ్‌కు అందే బలం తగ్గిపోతుంది.

స్టీరింగ్ కొద్దిగా కుడికో ఎడమకో తిప్పినప్పుడు "హూ"మనే శబ్దం పెరగడం, తగ్గడం జరుగుతుంటే వీల్ బేరింగ్ అరిగి ఉండవచ్చు. అప్పుడు ఈ వ్యాసం పక్కన పెట్టి మెకానిక్ దగ్గరికి వెళ్ళండి. అది ఆలస్యం చేసే పని కాదు.

లారీని దాటుతున్నప్పుడు, వంతెన మీద పక్కగాలి కొట్టినప్పుడు శబ్దం ఒక్కసారిగా మారుతోందా? అయితే అది గాలే. ముందుకు చదవండి.

ఏమేం కావాలి

- మాస్కింగ్ టేపు, అంటే పెయింటర్లు వాడే కాగితపు టేపు, అంగుళం లేదా రెండంగుళాల వెడల్పుది. సెల్లో టేపు, బ్రౌన్ టేపు వద్దు. మన ఎండకు వాటి జిగురు పెయింటుకు పట్టేస్తుంది.
- పక్కన కూర్చుని వినడానికి ఒక మనిషి. డ్రైవ్ చేసేవారు వినడం, వెతకడం, టేపు చూడడం అన్నీ ఒకేసారి చేయకూడదు.
- ఫోనులో సౌండ్ మీటర్ యాప్.
- మామూలు తెల్లకాగితం పట్టీలు, టాల్కం పౌడరు, టార్చి, సబ్బునీళ్ళు, చిన్న బ్రష్షు.
- కార్ షాంపూ, మెత్తటి గుడ్డ, రబ్బరుకు రాసే సిలికాన్ గ్రీజు లేదా స్ప్రే.
- చపాతీ పిండి గుప్పెడు. ఎందుకో తర్వాత చెబుతాను.

అదనపు రబ్బరు పట్టీ ఈ జాబితాలో కావాలనే పెట్టలేదు. పరీక్షలు అయ్యాక అవసరమైతేనే కొనండి.

1. ముందు ఇప్పుడున్న మోతను కొలవండి

వాహనాలు తక్కువగా ఉండే నాలుగు వరుసల రోడ్డు మీద, తెల్లవారాక గాలి పెద్దగా లేని వేళ, రెండు మూడు కిలోమీటర్ల తిన్నని ముక్క ఎంచుకోండి. హైదరాబాద్ – విజయవాడ రోడ్డు మీద చౌటుప్పల్ దాటాక అలాంటి ముక్కలు చాలా ఉన్నాయి. మీ ఊరి దగ్గర బైపాస్ ఉన్నా చాలు.

టైర్లలో గాలి కంపెనీ చెప్పినంత ఉందో లేదో చూసుకోండి. అద్దాలన్నీ పైకి, ఏసీ బ్లోయర్ ఆఫ్, పాటలు ఆఫ్. పక్క సీట్లో మనిషి ఫోనును రెండు సీట్ల మధ్య, చెవి ఎత్తులో పట్టుకోవాలి. 80 దగ్గర వేగం నిలకడగా ఉంచి అరనిమిషం కొలవండి. వెళ్ళేటప్పుడు మూడుసార్లు, తిరిగి వచ్చేటప్పుడు మూడుసార్లు. రెండు వైపులా కొలిస్తే ఎదురుగాలి, వెనకగాలి తేడా సర్దుకుంటుంది.

ఫోను చూపించే అంకె కచ్చితమైనది కాదు. దాంతో ఇబ్బంది లేదు. ఇవాళ్టి అంకెకు, పని అయ్యాక వచ్చే అంకెకు తేడానే మనకు కావాల్సింది. అదే ఫోను, అదే యాప్, అదే చోటు ఉండాలి. దాంతోపాటు నిమిషం సేపు వాయిస్ రికార్డు కూడా చేసుకోండి. సన్నటి ఈల పోయిందా లేదా అన్నది అంకెలో పెద్దగా తేలదు, రికార్డింగ్‌లో మాత్రం స్పష్టంగా తెలుస్తుంది.

2. కారుకు మీరు తగిలించినవి తీసి చూడండి

కంపెనీ నుంచి వచ్చినప్పుడు లేనిది ఇప్పుడు ఏముంది? పైన లగేజీ క్యారియర్, ముఖ్యంగా అడ్డ కడ్డీలు. డోర్ల మీద అతికించిన రెయిన్ వైజర్లు. బానెట్ అంచున పెట్టిన ప్లాస్టిక్ డిఫ్లెక్టర్. జెండా కడ్డీ. ముందు బంపర్‌కు బిగించిన క్రాష్ గార్డు (దీన్ని చట్టం కూడా ఒప్పుకోదు, ప్రమాదంలో ఎయిర్‌బ్యాగులు సరిగ్గా పనిచేయకుండా చేసే అవకాశం ఉంది, తీసేయడమే మంచిది). బయట మార్కెట్లో మార్చిన వైపర్లు.

తీయగలిగినవి తీసి, అదే రోడ్డు మీద మళ్ళీ ఒక రౌండు వెళ్ళి రండి. క్యారియర్ కడ్డీలు తీయగానే సగం సమస్య తీరిన కార్లు నేను చూశాను. సంక్రాంతికి ఊరెళ్ళడానికి బిగించుకుని ఉగాది దాకా అలాగే తిప్పుతుంటారు. మోతతో పాటు పెట్రోలు కూడా ఎక్కువ తాగుతుంది.

రెయిన్ వైజర్ల అంచు ఎక్కడైనా లేచి ఉంటే అక్కడ ఈల వస్తుంది. వేలితో నొక్కితే ఆడుతోందా చూడండి. వైజర్ పీకేటప్పుడు లాగేయకండి. హెయిర్ డ్రయ్యర్‌తో జిగురు వేడిచేసి, నైలాన్ దారంతో రంపంలా కోసుకుంటూ రండి.

3. ఏసీ గాలి దారి చూడండి

పది సెకన్లలో అయ్యే పరీక్ష ఇది, కానీ ఎక్కువమంది చేయరు. 80లో వెళ్తున్నప్పుడు బయటిగాలి బటన్‌ను లోపలిగాలి తిరిగే మోడ్‌కు మార్చండి, అంటే కారు బొమ్మలో గుండ్రంగా బాణం ఉన్నది. బుస తగ్గిందా? అయితే ఆ శబ్దం డోర్ల నుంచి కాదు, డాష్‌బోర్డు గ్రిల్ దారిలో వస్తోంది. క్యాబిన్ ఫిల్టర్ అసలు ఉందా, దాని మూత సరిగ్గా పడిందా చూసుకోండి. సర్వీసు తర్వాత ఫిల్టర్ మూత సగం తెరిచే ఉండిపోవడం మామూలే.

మోడ్ మార్చినా తేడా లేకపోతే తర్వాతి మెట్టుకు వెళ్ళండి. ఇకపై పరీక్షలన్నీ లోపలిగాలి మోడ్‌లోనే చేయండి.

4. టేపు పరీక్ష

అసలు పని ఇదే. ఒక పూట కేటాయించండి.

ముందు కారును కడిగి ఆరనివ్వండి. దుమ్ము మీద టేపు నిలవదు. తర్వాత సందులన్నీ బయటి నుంచి టేపుతో మూసేయండి: విండ్‌షీల్డ్ రెండు పక్కలు, పై అంచు, సైడ్ మిర్రర్ డోరును అంటుకునే చోటు, మిర్రర్ మడిచే చోట ఉండే గీత, మిర్రర్ దగ్గరి త్రికోణపు ప్లాస్టిక్ ముక్క అంచులు, డోర్ల చుట్టూ సందు (మొదట పైన, తర్వాత ముందు, వెనక), అద్దం డోరులోకి దిగే చోట బయటి రబ్బరు పట్టీ, వెనక చిన్న అద్దాలు, సన్‌రూఫ్ ఉంటే దాని చుట్టూ.

జాగ్రత్తలు. లైట్లు, ఇండికేటర్లు, నంబరు ప్లేటు, మిర్రర్ అద్దం కప్పకూడదు. డోర్ల సందులకు టేపు ఒక్క పొరే వేయండి. లోపలి నుంచి తోస్తే చిరిగి డోరు తెరుచుకోవాలి. అందుకే కాగితపు టేపే వాడమన్నాను. డ్రైవర్ డోరుకు మీరు ఎక్కాక పక్కమనిషి బయటి నుంచి టేపు వేసి, తను ఎడమ డోరు నుంచి ఎక్కాలి. ఆ డోరు సందు వదిలేయండి, దాని వంతు వేరే రౌండులో చూడవచ్చు.

ఇప్పుడు అదే రోడ్డు, అదే 80.

మోత ఏమీ తగ్గలేదా? అయితే మీ సమస్య సందుల్లో లేదు. టైర్లు, పలచటి అద్దాలు, కారు ఆకారం, వీటిలో ఏదో ఒకటి. డోర్ బీడింగ్ మీద ఒక్క రూపాయి కూడా పెట్టకండి. ఈ ఫలితం నచ్చకపోయినా నమ్మండి.

బాగా తగ్గిందా? అయితే శుభవార్త. ఇప్పుడు హైవే దిగి బండి ఆపి ఒక చోట టేపు పీకండి, మళ్ళీ వెళ్ళి రండి. తర్వాత ఇంకో చోట. మోత ఏ టేపు పీకాక తిరిగి వచ్చిందో అదే చోటు. హైవే అంచున బండి ఆపి పని చేయకండి. పెట్రోలు బంకులోకో, సర్వీసు రోడ్డులోకో దిగి చేసుకోండి.

రెండు చోట్ల పీకి ఒకసారి నడిపితే ఏది కారణమో తెలియదు. ఒక రౌండుకు ఒక చోటే. ఓపిక పట్టలేక అందరూ తప్పు చేసేది ఇక్కడే.

నా సొంత అనుభవం ఒకటి చెప్పాలి. రాయి తగిలి విండ్‌షీల్డ్ పగిలితే మార్పించాను. ఆ తర్వాత 70 దాటగానే ఎడమ పక్క నుంచి సన్నటి ఈల మొదలైంది. చెవికి అది డోరు పైమూల నుంచి వస్తున్నట్టే ఉండేది. రెండు నెలల్లో ఎడమ డోరు రబ్బరు మార్పించాను, లాకు సర్దించాను, ఏమీ కాలేదు. చివరికి విండ్‌షీల్డ్ ఎడమ అంచుకు జానెడు టేపు వేయగానే ఈల ఆగిపోయింది. అక్కడ పైపట్టీ అరచేతి పొడవున లేచి ఉంది. మన చెవి శబ్దం వచ్చే దిక్కును మూసిన కారులో సరిగ్గా పట్టుకోలేదు. అందుకే చెవిని నమ్మి మొదలుపెట్టవద్దని అందరికీ చెబుతాను.

టేపు పని అయిన వెంటనే తీసేయండి. ఎండలో ఒక రోజంతా ఉంచితే మాస్కింగ్ టేపు కూడా మరక వదులుతుంది. రీపెయింట్ చేసిన చోట మరీ మెల్లగా, పక్కకు మడిచి లాగండి.

5. చోటు దొరికాక, ఇంటి దగ్గర దాన్ని ఖాయం చేసుకోండి

డోరు రబ్బరే అని తేలితే, ఏ ముక్క దగ్గర అన్నది ఈ పరీక్షలతో తెలుస్తుంది.

కాగితం: రెండు వేళ్ళ వెడల్పు కాగితం పట్టీ పెట్టి డోరు వేయండి. లాగితే గట్టిగా పట్టుకుని రావాలి. ఊరికే జారి వచ్చిన చోట రబ్బరు నొక్కుకోవడం లేదు. డోరు చుట్టూ జానెడుకొక చోట చూడండి. చాలామంది కరెన్సీ నోటుతో చేస్తారు, చిరిగితే నష్టం కదా, కాగితం చాలు.

పౌడరు: రబ్బరు మీద టాల్కం పౌడరు పల్చగా అద్ది, డోరు వేసి తీయండి. ఎదుటి లోహం మీద తెల్ల గీత తెగకుండా పడాలి. తెగిన చోటే సందు.

సబ్బునీళ్ళు: అద్దాలన్నీ మూసి, బ్లోయర్ ఫుల్‌లో, ఈ ఒక్కసారి బయటిగాలి మోడ్‌లో పెట్టండి. లోపల గాలి ఒత్తిడి పెరుగుతుంది. బయట అంచుల వెంట బ్రష్షుతో సబ్బునీళ్ళు రాస్తే గాలి వచ్చే చోట బుడగలు లేస్తాయి. విండ్‌షీల్డ్ అంచుకు ఈ పరీక్షే బాగా పనిచేస్తుంది.

టార్చి: రాత్రి లోపల ఒకరు అంచు వెంట టార్చి తిప్పాలి, బయట ఒకరు చూడాలి. పెద్ద సందులే దొరుకుతాయి కానీ, పాత కార్లకు మంచిదే.

ఈ పరీక్షలన్నీ నెగ్గినా హైవే మీద మోగే డోర్లు కొన్ని ఉంటాయి. వేగంలో బయట గాలి పీడనం తగ్గి, డోరు పైచట్రం బయటికి లాగబడుతుంది. నిలబడినప్పుడు మూసుకున్న సందు అప్పుడు తెరుచుకుంటుంది. దీనికి పక్క సీట్లో మనిషి తన డోరు పైచట్రాన్ని చేత్తో గట్టిగా లోపలికి లాగి పట్టుకోవాలి, డోర్ హ్యాండిల్ జోలికి వెళ్ళకుండా. మోత తగ్గితే కారణం అదే. ఆ చట్రాన్ని సర్దడం అనుభవమున్న డెంటింగ్ మేస్త్రీ పని. మీరు మోకాలు పెట్టి వంచకండి, అద్దం పగులుతుంది.

6. కొత్తది కొనేముందు పాత రబ్బరును బతికించండి

మన దుమ్ముకు, ఎండకు రబ్బరు మీద మట్టి పేరుకుని గట్టిపడుతుంది. షాంపూ నీళ్ళతో మెత్తటి గుడ్డ తడిపి రబ్బరును, అది తగిలే లోహాన్ని రెండింటినీ తుడవండి. గుడ్డ నల్లగా రావడం ఆగేదాకా. పూర్తిగా ఆరాక సిలికాన్ గ్రీజు వేలితో చాలా పల్చగా రాయండి. రాసినట్టు కనపడకూడదు.

పెట్రోలు, డీజిలు, ఇంజిన్ ఆయిలు, తుప్పు వదిలించే స్ప్రేలు, కొబ్బరినూనె వద్దు. ఎక్కువ కార్ల డోర్ బీడింగ్ ఈపీడీఎం రబ్బరుతో చేస్తారు. పెట్రోలియం నూనెలు తగిలితే అది ఉబ్బి, మెత్తబడి పాడవుతుంది. మొదటి వారం మెరుస్తుంది కాబట్టి బాగుందనుకుంటాం.

రబ్బరు దాని గాడిలోంచి ఎక్కడైనా ఊడి ఉంటే అరచేత్తో తట్టి కూర్చోబెట్టండి. కారు దిగేచోట కాళ్ళు తగిలి ఊడడం మామూలు. చిరిగినా, నొక్కితే తిరిగి లేవకపోయినా మార్చాల్సిందే. కంపెనీ విడిభాగమే తీసుకోండి. ఇక్కడ ఖర్చుకు వెనకాడకండి. మీటర్ల లెక్కన అమ్మే రబ్బరు ఆ గాడిలో సరిగ్గా కూర్చోదు.

7. డోరు లోతు సర్దడం

డోరు మూశాక దాని అంచు పక్క డోరుతో సమానంగా ఉందా? వేలు అడ్డంగా జరిపితే మెట్టు తగులుతుంటే డోరు బయటికి ఉందన్నమాట. స్తంభానికి ఉండే లాకు కొక్కెం, అంటే స్ట్రైకర్, కొద్దిగా లోపలికి జరపాలి.

కొక్కెం చుట్టూ పెన్సిలుతో గీత గీయండి. ఇది మరిచిపోతే తిరిగి పాత చోటికి రాలేరు. బోల్టులు ఊడదీయకుండా కదిలేంత వదులు చేసి, మిల్లీమీటరు లోపలికి జరిపి బిగించండి. డోరు నెమ్మదిగా వేసి చూడండి. రెండు క్లిక్కులూ పడాలి. పైకీ కిందికీ కదపకండి, లాకు సరిగ్గా పడదు. బోల్టు బిగువు తెలియకపోతే ఈ ఒక్క పని మెకానిక్‌తో చేయించుకోండి. ప్రమాదంలో డోరును పట్టి ఉంచేది ఆ కొక్కెమే.

8. అదనపు రబ్బరు పట్టీ, ఇప్పుడు మాత్రమే

పాత రబ్బరు బాగుచేసి, డోరు సర్దినా ఇంకా సన్నగా బుస ఉంటే అప్పుడు వెనక జిగురు ఉన్న పట్టీ అవసరం. షాపుల్లో వీటిని ఆకారాన్ని బట్టి డి టైపు, పి టైపు, జడ్ టైపు అంటారు. డి టైపు అడుగు చదునుగా, పైన సగం గొట్టంలా ఉంటుంది, డోరు పైచట్రానికి నప్పుతుంది. పి టైపుకు పక్కన తోక ఉంటుంది, సందుకు ఎదురుగా అతికే చోటు లేనప్పుడు వాడతారు. జడ్ టైపు రెక్కలా వంగుతుంది, వెడల్పు సందులకు. లోపల బోలుగా, వేళ్ళ మధ్య తేలిగ్గా నలిగేది తీసుకోండి. గట్టి స్పాంజి వద్దు.

ఎంత మందం? చపాతీ పిండి దీనికే. గోలీ అంత ముద్దలు పల్చటి పాలిథిన్ కవరులో చుట్టి, పట్టీ అతికించబోయే గీత మీద నాలుగైదు చోట్ల పెట్టి డోరు మెల్లగా వేసి తీయండి. నలిగిన ముద్ద మందం స్కేలుతో కొలవండి. అది 6 మిల్లీమీటర్లుంటే 8 మిల్లీమీటర్ల పట్టీ సరిపోతుంది. 12ది కొంటే డోరు పడదు. పైన 5, కింద 8 వచ్చిందనుకోండి, రెండు చోట్లకూ ఒకే పట్టీ పనికిరాదు. మొత్తం చుట్టూ వేయాల్సిన పని కూడా లేదు. టేపు పరీక్షలో మోగిన వైపు వేస్తే చాలు.

అతికించే చోటును స్పిరిట్ అద్దిన గుడ్డతో తుడిచి ఆరనివ్వండి. ఉదయం పూట నీడలో చేయండి. లోహం చుర్రుమనేంత వేడిగా ఉన్నా, తడిగా ఉన్నా జిగురు నిలవదు. పట్టీని సాగదీయకుండా పరచండి. సాగదీసి అతికిస్తే కొన్ని రోజులకు కుంచించుకుని మూలల్లో లేస్తుంది. మూల దగ్గర కత్తిరించకుండా గుండ్రంగా తిప్పండి. పట్టీ పాత బీడింగ్ మీదికి ఎక్కకూడదు, దానికి ఎదురుగా చదునైన పెయింటు లోహం ఉండాలి. 24 గంటలు కారు కడగకండి.

రెండు హెచ్చరికలు. డోరు అడుగున నీళ్ళు పోయే చిన్న రంధ్రాలుంటాయి, వాటిని మూయకండి. మూస్తే వాననీళ్ళు డోరులోనే నిలిచి లోపలి నుంచి తుప్పు పడుతుంది. వెనక బంపర్ లోపలి వైపు క్యాబిన్ గాలి బయటికి పోయే దారులు ఉంటాయి, వాటి జోలికీ వెళ్ళకండి.

పట్టీ వేశాక డోరు బరువుగా పడుతోందా? ఒక అద్దం దించి వేసి చూడండి. అప్పుడు తేలిగ్గా పడితే అది లోపలి గాలి ఒత్తిడి. గాలి పారే సందు తగ్గింది, అంటే సీలు బాగా పడింది. అద్దం దించినా బాదాల్సి వస్తే పట్టీ మందం ఎక్కువైంది. "వాడగా వాడగా సర్దుకుంటుంది" అని షాపులో చెబుతారు. ఒప్పుకోకండి, పీకి సన్నది వేయించండి. రోజూ బాదితే లాకు, మడతబందులు పాడవుతాయి, పిల్లలు వేసినప్పుడు డోరు సగమే పడుతుంది.

9. మిర్రర్, విండ్‌షీల్డ్

మిర్రర్ దగ్గర తేలితే, ముందు ఆ త్రికోణపు ముక్క క్లిప్పులు, మిర్రర్ అడుగు రబ్బరు చూడండి. ఎప్పుడైనా బైకు తగిలి మిర్రర్ మార్పించి ఉంటే అడుగు రబ్బరు వేయకుండానే బిగించి ఉండవచ్చు. అది కొత్తది వేస్తే చాలు.

విండ్‌షీల్డ్ పైపట్టీ మాత్రమే లేచి ఉంటే కొత్త పట్టీ వేయించుకోండి. సబ్బునీళ్ళ బుడగలు అద్దం అంచులోంచే వస్తుంటే మాత్రం బిగించినవాళ్ళ దగ్గరికే వెళ్ళి తీసి మళ్ళీ అతికించమని అడగండి. బయటి నుంచి బాత్‌రూమ్ సిలికాన్ పూయవద్దు. దాని కింద లోహం తుప్పు పట్టవచ్చు, తర్వాత అసలు జిగురు కూడా అక్కడ పట్టదు. చాలా కార్లలో ఎడమ పక్క ఎయిర్‌బ్యాగు విచ్చుకునేటప్పుడు విండ్‌షీల్డ్‌నే ఆసరా చేసుకుంటుంది. అందుకని ఈ అతుకు విషయంలో సర్దుకుపోకండి.

ఎక్కువగా జరిగే తప్పులు

విండ్‌షీల్డ్ పక్క స్తంభాల ప్లాస్టిక్ తీసి లోపల ఫోము కుక్కడం. పక్క కర్టెన్ ఎయిర్‌బ్యాగు ఉన్న కార్లలో అది ఆ స్తంభం నుంచి డోర్ల పైన రూఫ్ అంచు వెంటే ఉంటుంది. స్తంభం మీద ఎయిర్‌బ్యాగ్ అని రాసి ఉంటే ఆ క్లిప్పులు కూడా ముట్టుకోకండి, షాపువాళ్ళను ముట్టుకోనివ్వకండి.

గాలి మోతకు డ్యాంపింగ్ షీట్లు వేయించడం. అవి రేకు అదరకుండా ఆపుతాయి. రోడ్డు మోతకు, డోరు స్పీకర్లకు ఉపయోగమే. సందులోంచి వచ్చే ఈలను అవి ఆపలేవు.

అన్ని పనులూ ఒకే రోజు చేయించి, ఏది పనిచేసిందో తెలియకపోవడం.

అద్దం కాస్త దించినప్పుడు వచ్చే "దబదబ" చూసి భయపడడం. అది లోపం కాదు. సీసా మూతి మీద ఊదితే మోగినట్టు క్యాబిన్ మొత్తం మోగుతుంది. ఇంకో వైపు అద్దం రెండంగుళాలు దించితే ఆగిపోతుంది.

మోత భరించలేక ఇయర్‌ఫోన్లు పెట్టుకుని నడపడం. అంబులెన్సు హారన్ మీకు వినపడి తీరాలి.

ఫలితం ఎలా చూసుకోవాలి

మొదటి రోజు వెళ్ళిన రోడ్డుకే, అదే సమయానికి, అదే వేగంతో, అంతే మంది ఎక్కి వెళ్ళండి. ఆరుసార్లు కొలిచి సగటు తీయండి. 1 డెసిబెల్ తేడా వస్తే అది కొలతలో వచ్చే ఊగిసలాటే, లెక్కలోకి తీసుకోకండి. 3 తగ్గితే చెవికి తెలుస్తుంది. పాత రికార్డింగ్, కొత్త రికార్డింగ్ ఒకదాని వెంట ఒకటి వినండి. ఈల పోయి, అంకె మాత్రం అర డెసిబెలే తగ్గిందా? అయినా పని విజయవంతమైనట్టే. చెవిని అలసగొట్టేది ఆ సన్నటి ఈలే.

ఇంట్లో ఒక నీళ్ళ పరీక్ష కూడా చేయండి. పైపుతో విండ్‌షీల్డ్, డోర్ల పైన పది నిమిషాలు నీళ్ళు వదిలి, లోపల కాళ్ళ దగ్గరి కార్పెట్ కింద చేయి పెట్టి చూడండి. తడి తగిలితే పట్టీయో, స్ట్రైకరో సరిగ్గా లేదు. డోరు అడుగు రంధ్రాల నుంచి నీళ్ళు బొట్లుబొట్లుగా పడుతుండాలి. పడకపోతే ఎక్కడో మూసేశారు.

ఎంత ఆశించాలి అన్నది కూడా చెప్పాలి. సందు వల్ల వచ్చే ఈలను పూర్తిగా పోగొట్టుకోవచ్చు. ఆకారం వల్ల వచ్చే హోరు ఉండనే ఉంటుంది. నిటారు విండ్‌షీల్డ్, పెద్ద మిర్రర్లు ఉన్న ఎత్తు కారు 100లో సెడాన్‌లా నిశ్శబ్దంగా ఉండదు. మీ మోడల్ పై వేరియంట్‌కు కంపెనీయే శబ్దం తగ్గించే అకౌస్టిక్ విండ్‌షీల్డ్ ఇస్తుంటే, అద్దం ఎలాగూ పగిలి మార్చాల్సి వచ్చినప్పుడు అది అడగండి. ముందు కెమెరా ఉన్న కార్లలో అద్దం మార్చాక కెమెరాను మళ్ళీ సరిచేయించుకోవాలి, ఆ ఖర్చు కూడా ముందే అడిగి తెలుసుకోండి. బాగున్న అద్దం తీసి మార్చమని మాత్రం ఎవరికీ చెప్పను. మోత తగ్గించుకోవడానికి ఖర్చే లేని దారి కూడా ఒకటుంది, 100 బదులు 85లో వెళ్ళడం. తేడా మీకే వినిపిస్తుంది.

పట్టీ వేశాక నెలకోసారి, ముఖ్యంగా మొదటి ఎండాకాలంలో, మూలల దగ్గర వేలితో తడిమి చూడండి. అంచు లేచి ఉంటే కింద దుమ్ము చేరకముందే ఆ జానెడు ముక్కే కోసి తీసేసి, స్పిరిట్‌తో తుడిచి కొత్త ముక్క వేయండి. మొత్తం పట్టీ పీకాల్సిన పని లేదు.